తెలిసిన రసాయనంలో చిన్న మార్పు: ‘ఇది ఎవరికైనా తట్టేదే’ అన్న పేటెంటు అభ్యంతరాన్ని ఎలా తూచాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఒక బల్క్ డ్రగ్ ఇంటర్మీడియెట్ (మందు తయారీలో మధ్యలో వచ్చే రసాయనం) తయారుచేసే పద్ధతికి మీ సంస్థ పేటెంటు దరఖాస్తు పెట్టింది. ఒక ఫీనాల్‌ను బ్రోమోక్లోరోప్రొపేన్‌తో కలిపే చర్య అది. పాత పద్ధతిలో డీఎంఎఫ్ అనే సాల్వెంట్ (ద్రావకం), పొటాషియం కార్బొనేట్, 80–90 డిగ్రీల వేడి. మీది అసిటోన్, అందులో కొద్దిపాటి నీళ్లు, 50–55 డిగ్రీలు. పాత పద్ధతిలో 1 శాతానికి పైగా వచ్చే డైమర్ (రెండు ఫీనాల్ అణువులు కలిసిపోయిన) మలినం మీ దగ్గర 0.1 శాతం లోపే ఉంటోంది. చెన్నై పేటెంటు కార్యాలయం నుంచి వచ్చిన మొదటి పరీక్షా నివేదికలో మాత్రం ‘డీ1, డీ2 కలిపి చదివితే ఆ రంగంలో నైపుణ్యం ఉన్న వ్యక్తికి ఇది తట్టేదే, ఇన్వెంటివ్ స్టెప్ లేదు’ అని రెండు పేరాల్లో తేల్చేశారు. డీ1, డీ2 అన్నవి ఎగ్జామినర్ ఎత్తి చూపిన పాత పత్రాలు: పాత పద్ధతి ఉన్నది డీ1లో, అసిటోన్ వాడకం డీ2లో. ఇన్వెంటివ్ స్టెప్ అంటే పేటెంటుకు ఉండాల్సిన ‘తట్టనితనం’. రసాయన శాస్త్రంలో ప్రతి మార్పూ ఏదో ఒక పుస్తకంలో ఉండేదే కదా, అలాంటప్పుడు దేనికైనా పేటెంటు ఎలా వస్తుంది అని మీరు విసుక్కున్నారు.

విసుగు న్యాయమే. కానీ మీ సంగతి పోయిందని ఇప్పుడే అనుకోనక్కర్లేదు, గెలిచేశామనీ అనుకోవద్దు. ఇక్కడ తూచేది ఒకటే: డీ1ను చేతిలో పట్టుకున్న మామూలు రసాయన శాస్త్రజ్ఞుడు, మీ దరఖాస్తు గురించి ఏమీ తెలియకుండా, ఫలానా ఫలితం వస్తుందన్న నమ్మకంతో ఈ మార్పు చేసి ఉండేవాడా? చేయగలిగేవాడా అని అడిగితే ఎప్పుడూ అవుననే వస్తుంది. అసిటోన్ సీసా ప్రతి ల్యాబులోనూ ఉంటుంది, కుళాయిలో నీళ్లూ వస్తాయి. అడగాల్సింది అతను ఆ పని ఎందుకు చేసి ఉండేవాడని. ఎగ్జామినర్ రాసిన రెండు పేరాల్లో ఆ ‘ఎందుకు’ ఉందో లేదో ముందు వెతకండి. సగం నివేదికల్లో అది ఉండదు.

చట్టం సంగతి త్వరగా చెప్పుకుందాం. ఇన్వెంటివ్ స్టెప్ నిర్వచనం 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జెఏ)లో ఉంది, ఇప్పటి రూపం 2005 సవరణతో వచ్చింది. అందులో రెండు అంచెలున్నాయి. ఉన్న జ్ఞానంతో పోలిస్తే సాంకేతికంగా ముందడుగైనా ఉండాలి, ఆర్థిక ప్రాధాన్యమైనా ఉండాలి, రెండూ ఉన్నా మంచిదే. ఆపైన ఆ ఆవిష్కరణ నైపుణ్యం ఉన్న వ్యక్తికి తట్టనిదై ఉండాలి. చాలామంది మొదటి అంచె దగ్గరే ఆగిపోయి ‘కిలోకు ఇంత ఆదా అవుతుంది’ అని పేజీలు నింపుతారు. ఆదా ఎంతైనా రెండో అంచె దాటకపోతే ఉపయోగం లేదు. ఈ రెండో అంచెకు మన దగ్గర మూలస్తంభం 1978లో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో ఇచ్చిన తీర్పు. అది లోహపు పాత్రల తయారీకి సంబంధించిన వివాదం, రసాయనాలతో పనిలేదు. వర్క్‌షాపులో మంచి పనివాడు మామూలుగా చేసే మెరుగుదలకు పేటెంటు రాదన్న సూత్రం మాత్రం అక్కడి నుంచి నేటి దాకా ప్రతి కెమిస్ట్రీ ఫైలులోనూ కనిపిస్తుంది. మీ ఎగ్జామినర్ మనసులో ఉన్నదీ అదే: సాల్వెంట్ మార్చడం, వేడి తగ్గించడం వర్క్‌షాపు పని.

రసాయనాల్లో ఈ తూకం ఎందుకు కష్టమో ఒక కేసు దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. మధుమేహానికి వాడే పయోగ్లిటజోన్ అందరికీ తెలిసిన మాత్రే. దాని అణువులో ఒక కొసన పిరిడిన్ వలయం ఉంటుంది, ఆ వలయం ఐదో స్థానంలో ఇథైల్ గుంపు ఉంటుంది. ఆ మందు పేటెంటుదారైన టకెడా సంస్థ అంతకుముందే బయటపెట్టిన సమ్మేళనాల్లో ఒకదాన్ని కోర్టు రికార్డులో ‘కాంపౌండ్ బి’ అన్నారు. అందులో అదే వలయం, కానీ ఆరో స్థానంలో మిథైల్. అంటే తేడా రెండు చిన్న మార్పులు: మిథైల్‌కు ఒక కార్బన్ చేర్చి ఇథైల్ చేయడం, దాన్ని పక్క స్థానానికి జరపడం. బీఎస్సీ విద్యార్థి కూడా కాగితం మీద చేసే పనులివి. ఆల్ఫాఫార్మ్ అనే జెనరిక్ సంస్థ అమెరికా కోర్టులో ఇదే వాదించింది.

2007లో అక్కడ పేటెంటు అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కారణం నిర్మాణాల పోలికలో లేదు, ఒక వ్యాసంలో ఉంది. ఆ తరగతికి చెందిన 101 సమ్మేళనాల ఫలితాలను ఆ వ్యాసం ప్రచురించింది. అందులో మెచ్చుకున్న మూడింటిలో కాంపౌండ్ బి లేదు. పైగా దానివల్ల శరీర బరువు, గోధుమరంగు కొవ్వు బాగా పెరుగుతున్నాయని ప్రత్యేకంగా రాశారు. మధుమేహ రోగికి బరువు పెంచే మందుతో ఎవరు పని మొదలుపెడతారు? నైపుణ్యం ఉన్న వ్యక్తి ఆ వ్యాసం చదివితే కాంపౌండ్ బిని పక్కన పెట్టేవాడే తప్ప దాని మీద మార్పులు చేస్తూ కూర్చునేవాడు కాడు. ఒకవేళ మొదలుపెట్టినా, ఇథైల్ చేసి పక్కకు జరిపితే ఆ విషప్రభావం పోతుందని ముందుగా చెప్పే ఆధారం ఎక్కడా లేదు.

ఈ తీర్పు నుంచి పట్టుకోవాల్సిన వరస ఇది. కొత్త అణువు తట్టేదేనని చెప్పాలంటే ముందు ఎక్కడి నుంచి మొదలుపెడతారో చూపాలి, అక్కడే ఎందుకు మొదలుపెడతారో చెప్పాలి. దాన్నే లీడ్ కాంపౌండ్ అంటారు. ఆ తర్వాత, దానికి ఫలానా మార్పే చేయడానికి కారణం చూపాలి. చివరగా, చేస్తే పని చేస్తుందన్న సహేతుకమైన ఆశ అప్పటికే ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా, రెండు నిర్మాణాలను పక్కపక్కన గీసి ‘చూడండి, ఎంత దగ్గరగా ఉన్నాయో’ అనడం వాదన అనిపించుకోదు. పొడుపు కథ విప్పాక అందరికీ తేలికే.

మన హైదరాబాదు సంస్థ ఒకటి ఇదే గీటురాయి దగ్గర ఓడిపోయింది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే రబెప్రజోల్ మీద ఐసాయ్ సంస్థకు, డాక్టర్ రెడ్డీస్‌కు అమెరికాలో నడిచిన వ్యాజ్యం అది, 2008 నాటి తీర్పు. అంతకుముందున్న లాన్సోప్రజోల్‌ను లీడ్‌గా తీసుకుంటే, దాని పిరిడిన్ వలయం మీది ట్రైఫ్లోరోఇథాక్సీ గుంపు తీసి మిథాక్సీప్రొపాక్సీ గుంపు పెడితే రబెప్రజోల్ వస్తుంది. లాన్సోప్రజోల్‌ను లీడ్‌గా ఎంచుకోవచ్చని కోర్టు వాదన కోసం అంగీకరించింది. కానీ ఆ ఫ్లోరిన్ గుంపు వల్లే దానికి కొవ్వులో కరిగే గుణం, దానితోపాటు మేలూ వచ్చాయని నాటి సాహిత్యం చెబుతోంది. మేలు చేస్తున్న భాగాన్నే పీకేయడానికి ఎవరికైనా కారణం ఏముంటుంది అని అడిగి కోర్టు పేటెంటును నిలబెట్టింది. నాకు ఈ తీర్పు ఇష్టం, ఎందుకంటే ఇందులో న్యాయమూర్తులు రసాయన శాస్త్రజ్ఞుల్లా ఆలోచించారు.

ఇలాంటివి రెండు చదివి ‘అయితే ఏ అణువైనా నిలుస్తుంది’ అనుకునేవాళ్లకు ఎంటెకవిర్ కేసు మందు. హెపటైటిస్ బికి వాడే ఈ మందు పేటెంటును 2014లో అదే కోర్టు కొట్టేసింది. ఆవిష్కరణ జరిగిన 1990 నాటికి 2'-సీడీజీ అనే సమ్మేళనం మీద ఎందరో పరిశోధకులు ఆశతో పనిచేస్తున్నారు, కాబట్టి అది సహజమైన మొదలు. దానికి ఒకచోట ఒక కార్బన్ చేరిస్తే ఎంటెకవిర్. ఆ 2'-సీడీజీకి విషప్రభావం ఉందని తర్వాత తేలింది. ‘విషమున్న దాన్ని ఎవరు లీడ్‌గా తీసుకుంటారు’ అని పేటెంటుదారు వాదించినా ప్రయోజనం లేకపోయింది, ఎందుకంటే ఆ సంగతి నాటికి ఎవరికీ తెలియదు. ఎంటెకవిర్‌కు కొన్ని గుణాలు అనుకున్నదానికన్నా బాగా వచ్చాయన్నదీ దాన్ని కాపాడలేదు. తర్వాతి జ్ఞానాన్ని వెనక్కి తీసుకెళ్లడం ఎగ్జామినర్‌కు ఎలా కుదరదో మనకూ అలాగే కుదరదు. ప్రయారిటీ తేదీ (దరఖాస్తు మొదట దాఖలైన రోజు) నాటి అల్మారాలో ఏ పుస్తకాలున్నాయో అవే ఇద్దరికీ దక్కుతాయి.

లవణాలు, స్ఫటిక రూపాలు, ఐసోమర్ల (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న అణువుల) దగ్గరకు వస్తే బేరం ఇంకా కఠినం. రక్తపోటు మందు ఆమ్లోడిపిన్ మొదట మేలియేట్ లవణంగా ఉండేది. మాత్రలు అచ్చు వేసేటప్పుడు పంచ్‌లకు అతుక్కుపోవడం, నిలవలో పాడవడం దాని సమస్యలు. బెసిలేట్ లవణానికి మారితే అవి తగ్గాయి. దాని మీద ఫైజర్‌కు ఉన్న పేటెంటు 2007లో అమెరికాలో పోయింది. మందుల్లో వాడదగిన 53 ఆనయాన్ల (లవణంలో ఆమ్లం వైపు భాగాల) పట్టిక ఒకటి ప్రచురితమై ఉంది, అందులో బెసిలేట్ ఉంది. అంత చిన్న జాబితాలోంచి కొన్నింటిని పరీక్షించి మంచిదాన్ని ఏరుకోవడం రోజువారీ పనేనని కోర్టు అభిప్రాయం. మందుల్లో బెసిలేట్ వాడకం అప్పటికి 0.25 శాతమే అన్న వాదననూ పట్టించుకోలేదు. మరోవైపు రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ విషయంలో, రెండు ఐసోమర్ల మిశ్రమంలోంచి ఒకదాన్ని విడదీస్తే మేలంతా ఒకవైపు, నాడీ విషప్రభావం మరోవైపు అంత శుభ్రంగా చీలిపోతుందని ముందుగా ఎవరూ చెప్పలేరని అదే కోర్టు 2008లో పేటెంటును నిలబెట్టింది. పట్టికలోంచి ఏరుకోవడం వేరు, పట్టిక చూసినా ఫలితం ఊహకందకపోవడం వేరు.

మన దేశంలో ఇలాంటి వాటికి ఇన్వెంటివ్ స్టెప్‌కు ముందే సెక్షన్ 3(డి) అడ్డం వస్తుంది. తెలిసిన పదార్థపు కొత్త రూపానికి సామర్థ్యం పెరిగిందని చూపకపోతే అది అసలు ఆవిష్కరణే కాదు. రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపం కోసం నోవార్టిస్ 1998లో దరఖాస్తు పెట్టింది ఇదే చెన్నై కార్యాలయంలో, కార్యాలయం దాన్ని తిరస్కరించింది 2006లో. ఎదిరించిన వారిలో మన నాట్కో, హెటెరో ఉన్నాయి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు మందు విషయంలో సామర్థ్యం అంటే చికిత్సా సామర్థ్యమేనని తేల్చింది. పొడి బాగా జారుతుందని, తేమ తక్కువ పీలుస్తుందని, శరీరంలోకి 30 శాతం ఎక్కువగా చేరుతుందని చూపినవి చాలలేదు. ఇన్వెంటివ్ స్టెప్‌నూ 3(డి)నీ ఒకే పేరాలో కలిపి జవాబు రాసేవాళ్లను చూస్తుంటాను. రెండూ వేర్వేరు గుమ్మాలు, ఒకదాని తాళంచెవి రెండోదానికి పట్టదు. మీ క్లెయిము (పేటెంటులో మీదని కోరే హక్కు) పద్ధతి మీద కాబట్టి 3(డి)లో మీకు తగిలే ముక్క వేరే ఉంది: తెలిసిన పద్ధతిని ఊరికే వాడుకోవడం ఆవిష్కరణ కాదు, కొత్త ఉత్పత్తి అయినా రావాలి, ఒక కొత్త రియాక్టెంటైనా (చర్యలో పాల్గొనే పదార్థం) ఉండాలి. మీ నివేదికలో ఆ అభ్యంతరం ఉంటే దానికి విడిగా జవాబివ్వండి.

అణువుల క్లెయిములకు ఇటీవలి భారతీయ ధోరణి తెలియాలంటే రెండు కేసులు చాలు. రోష్, సిప్లాల మధ్య క్యాన్సర్ మందు ఎర్లోటినిబ్ కేసులో 2015లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి, పాత పేటెంటులోని ఒక ఉదాహరణలో మిథైల్ ఉన్నచోట ఎథైనైల్ అనే వేరే గుంపు పెట్టడం తట్టేదేనన్న వాదనను అంగీకరించలేదు. రోష్, నాట్కోల రిస్డిప్లామ్ కేసులో మాత్రం, సొంత పాత పేటెంటులోని సమ్మేళనంతో పోలిస్తే వలయంలో ఒకచోట సీహెచ్ బదులు నైట్రోజన్ రావడమే తేడా. 2025 అక్టోబరులో డివిజన్ బెంచి ఆ పేటెంటును సవాలు చేయదగినదేనని భావించి నాట్కోను ఆపడానికి నిరాకరించింది, అదే నెలలో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. అది మధ్యంతర దశ మాటే, తుది తీర్పు కాదు. ఒకదానిలో వేరే సంస్థ సమ్మేళనం, మరోదానిలో సొంత సమ్మేళనం అన్నది గమనించండి. పాత పేటెంటూ కొత్త పేటెంటూ ఒకే ఆవిష్కర్తవి అయితే చూపు మరింత పదునెక్కుతుంది. 2021లో ఆస్ట్రాజెనెకా సంస్థ మధుమేహ మందు డపాగ్లిఫ్లోజిన్ కేసు నుంచి మన కోర్టులు అలాంటి చోట మామూలు నిపుణుడి బదులు ‘లోగుట్టు తెలిసిన వ్యక్తి’ని ఊహించుకుంటున్నాయి. మీ డీ1 మీ సంస్థదే అయితే ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక మీ ఫైలు. మీ మార్పులు మూడు: సాల్వెంట్, వేడి, నీళ్లు. వీటిని విడదీయకుండా ‘మా పద్ధతి మెరుగైనది’ అంటే కచ్చితంగా ఓడిపోతారు. బ్రోమోక్లోరోప్రొపేన్‌లో బ్రోమిన్ కొస ముందు స్పందిస్తుంది, వేడెక్కితే క్లోరిన్ కొస కూడా ఇంకో ఫీనాల్‌తో కలిసి డైమర్ అవుతుంది. వేడి తగ్గిస్తే డైమర్ తగ్గుతుందని ఎవరికైనా తెలుసు. కాబట్టి ఎగ్జామినర్ మొదటి మాటగా అదే అంటాడు: 85 డిగ్రీల నుంచి 52కు దిగారు, మలినం తగ్గింది, ఇందులో వింతేముంది? అసిటోన్ డీ2లో ఉంది కాబట్టి సాల్వెంట్ కూడా మీ ఖాతాలో పడదు. మలినం 0.1 శాతం లోపు తేవాలన్న కోరిక కూడా మీ సొంతం కాదు. మందుల నాణ్యతకు అంతర్జాతీయంగా పాటించే ఐసీహెచ్ మార్గదర్శకాల పరిమితులు చూసే ప్రతి సంస్థకూ ఆ కోరిక ఉంటుంది. సమస్యను గుర్తించినందుకు మార్కులు రావు. మీకు మిగిలేది నీళ్లు ఒక్కటే, మీ ఆవిష్కరణ ఉంటే గింటే అక్కడే ఉంది.

అక్కడ మీకు ఒక మంచి ఆయుధముంది. డీ1లోనే ‘తేమ లేని సాల్వెంట్ వాడాలి, నీళ్లుంటే హాలైడ్ విరిగి దిగుబడి పడిపోతుంది’ అని ఉందని మీరు రాశారు. ఆ వాక్యాన్ని పేజీ, పంక్తి సంఖ్యలతో యథాతథంగా ఎత్తి రాయండి. ఒక పద్ధతి బాగుంటుందని చెప్పడం వేరు, ఇంకో పద్ధతి పనికిరాదని కారణంతో చెప్పడం వేరు. మొదటిది నిపుణుణ్ని ఆపదు, రెండోది ఆపుతుంది. డీ1 చెప్పేది రెండో రకం. అది చదివినవాడు డీ2 తెరిచి అసిటోన్ తెచ్చుకున్నా, దాన్ని ఆరబెట్టి మరీ వాడతాడు, నీళ్లు కలపడు. మీ జవాబుకు వెన్నెముక ఈ వాక్యం.

అయినా ఒక హెచ్చరిక. కార్బొనేట్‌తో చేసే ఆల్కైలేషన్‌లలో (మీది లాంటి, కార్బన్ గొలుసు చేర్చే చర్యల్లో) కొద్దిపాటి నీళ్లు చర్య వేగం పెంచుతాయన్నది కెమిస్టులకు కొత్త సంగతి కాదు, ఫేజ్ ట్రాన్స్‌ఫర్ (కలవని రెండు పొరల మధ్య చర్యల) సాహిత్యంలో అలాంటివి దొరుకుతాయి. విచారణలో ఎగ్జామినరో, తర్వాత ఎవరైనా ప్రత్యర్థో డీ3గా ఒకటి తెచ్చి పెట్టవచ్చు. అందుకే మీ వాదన ‘నీళ్లు కలిపితే చర్య త్వరగా అయింది’ అన్నచోట నిలబడకూడదు. వేగం వేరు, డైమర్ తగ్గడం వేరు. నీళ్లు డైమర్‌ను అణుస్తాయని డీ3లో లేకపోతే మీకు దారి ఉంటుంది. ఎందుకు అణుస్తున్నాయో మీరు వివరించలేకపోయినా నష్టం లేదు, చట్టం కారణం అడగదు, ఫలితం అడుగుతుంది.

ఆ ఫలితాన్ని చూపే ప్రయోగాలు ఇప్పుడే ల్యాబులో పెట్టండి. నాలుగు చాలు. మొదటిది డీ1 ఉదాహరణ, ఉన్నదున్నట్టు, వాళ్ల మోలార్ నిష్పత్తులతోనే. రెండోది అదే డీఎంఎఫ్‌లో 50–55 డిగ్రీల దగ్గర, వేడి ప్రభావం ఎంతో తేలడానికి. మూడోది ఆరబెట్టిన అసిటోన్‌లో 50–55 డిగ్రీలు, నీళ్లు లేకుండా. నాలుగోది మీ పద్ధతి. వీటిలో అన్నిటికన్నా విలువైనది మూడోది, ఎందుకంటే డీ1, డీ2 కలిపితే వస్తుందని ఎగ్జామినర్ కాగితం మీద ఊహించిన పద్ధతి సరిగ్గా అదే. దాన్ని మీరే చేసి చూపుతున్నారన్నమాట. మూడోదానిలో డైమర్ 0.8 శాతం వచ్చి నాలుగోదానిలో 0.08 వస్తే మీ జవాబు దాదాపు దానంతటదే రాసుకుంటుంది. మూడోదానిలోనే 0.15 వచ్చేస్తే నీళ్ల పాత్ర నామమాత్రం, అప్పుడు మొండికేయడం డబ్బు దండగ.

నాలుగింటికీ ఫీనాల్ ఒకే లాట్‌ది వాడండి, మలినం కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతి ఒకటే ఉండాలి, చర్య ముగింపును ఒకే ప్రమాణంతో నిర్ణయించండి. పాత పద్ధతిని కావాలని చెడగొట్టి చేసిన పోలికలు నేను చాలా చూశాను. పాతదాన్ని పది గంటలు మరిగించి, కొత్తదాన్ని నాలుగు గంటలకే ఆపి, మలినాలు పోల్చిన పట్టిక ఒకటి ఒక విచారణలో ప్రత్యర్థి తరఫు ప్రొఫెసర్ చేతిలో పడింది. ఆయన గడియారం చూపించి కూర్చున్నారు, ఆ పట్టిక మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నీళ్ల శాతం కూడా అటూ ఇటూ జరిపి చూడండి. మీ క్లెయిములో ఉన్న హద్దు బయట ఫలితం పడిపోతుందని చూపగలిగితే, ఆ హద్దు ఊరికే రాసుకున్న అంకె కాదని తెలుస్తుంది. హద్దు బయటా లోపలా ఒకేలా ఉంటే ఆ అంకె గురించి పెద్దగా మాట్లాడకండి.

మీ సంస్థ పురుగుమందుల వైపు కూడా దరఖాస్తులు పెడుతుందన్నారు కాబట్టి ఒక పక్కమాట. రెండు తెలిసిన మందుల మిశ్రమానికి ఇదే ప్రశ్న 3(ఇ) రూపంలో వస్తుంది: గుణాల కూడికేనా, అంతకుమించి ఏమైనా ఉందా? అక్కడ 1967 నాటి కాల్బీ సూత్రం వాడతారు. ఒక కలుపుమందు విడిగా 40 శాతం కలుపును చంపుతుంది, ఇంకొకటి 30 శాతం. కలిపితే 70 వస్తుందని చాలామంది అనుకుంటారు. మొదటిది చంపిన 40 పోగా మిగిలిన 60లోనే రెండోది 30 శాతం, అంటే 18 చంపుతుంది. కాబట్టి ఆశించదగినది 58. పొలంలో 60 వస్తే అది కూడికే, 85 వస్తే మాట్లాడుకోదగిన విషయం. ఒకే మోతాదులో ఒకే రోజు తీసిన ఒక్క అంకె ఎవరినీ ఒప్పించదు, అనేక మోతాదుల్లో ఆ తేడా నిలవాలి.

మీ స్పెసిఫికేషన్ (దరఖాస్తుతో ఇచ్చిన ఆవిష్కరణ వివరణ) కూడా మళ్లీ చదవండి, ఈసారి శత్రువు కళ్లతో. ‘నీళ్లు ఐచ్ఛికంగా కలపవచ్చు’ అని ఎక్కడైనా రాశారా? ‘అసిటోన్, టోలీన్, డీఎంఎఫ్ లేదా తగిన ఏ సాల్వెంటైనా’ అని ఉందా? ముసాయిదా రాసేవాళ్లు వల విశాలంగా వేయాలని అలవాటుగా రాసే మాటలివి. నీళ్లే కీలకమని మీరు ఇప్పుడు వాదిస్తుంటే, ఐచ్ఛికమన్న మీ మాటనే ఎత్తి చూపుతారు. అలా ఉంటే ప్రధాన క్లెయిములోకి నీళ్లను, శాతం హద్దును తెచ్చి కుదించండి. సెక్షన్ 59 ప్రకారం మొదట దాఖలు చేసినదాంట్లో లేని కొత్త సంగతి సవరణగా చేర్చడానికి కుదరదు, కాబట్టి ఆ శాతం స్పెసిఫికేషన్‌లో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. కొత్త ప్రయోగాల పట్టిక స్పెసిఫికేషన్‌లోకి పోదు. జవాబుకు జతగా, ప్రయోగం చేసినవారి అఫిడవిట్‌తో వెళ్తుంది. డైమర్ తగ్గుతుందన్న మాట మొదటి స్పెసిఫికేషన్‌లో ఒక వాక్యమైనా ఉంటేనే ఆ పట్టికకు బలం. దాఖలు నాటికి ఊసే లేని లాభాన్ని తర్వాత తెచ్చి పెడితే ఎవరైనా అనుమానిస్తారు. యూరోపియన్ పేటెంటు కార్యాలయపు విస్తృత బోర్డు 2023లో జీ 2/21 నిర్ణయంలో చర్చించిందీ ఈ ఇబ్బందినే.

పాత ల్యాబు నోట్‌బుక్కులు కూడా తీయించండి. నీళ్లు ఎలా వచ్చాయో అందులో ఉంటుంది. ఎవరో తడి అసిటోన్ పొరపాటున పోయడం వల్ల దొరికిందని తేలినా సిగ్గుపడనక్కర్లేదు, ఆవిష్కరణ ఏ దారిలో వచ్చినా చట్టానికి ఒకటే. అంతకుముందు విఫలమైన ప్రయత్నాలుంటే ఇంకా మంచిది. వేడి తగ్గించి చూశారు, బేస్ (ఇక్కడ పొటాషియం కార్బొనేట్) మార్చి చూశారు, డైమర్ కావలసినంత తగ్గలేదు అన్న పేజీలు, ‘తేలికగా తట్టేది’ అన్న మాటకు మీ దగ్గరున్న నిజమైన జవాబు.

గడువు సంగతి చూసుకోండి. నివేదిక తేదీ నుంచి ఆరు నెలలు, అవసరమైతే ఫారం 4తో ఇంకో మూడు నెలలు. నాలుగు ప్రయోగాలకు మూడు వారాలు సరిపోతాయి కాబట్టి పొడిగింపు అవసరం పడకూడదు. మూడో ప్రయోగం అంకె వచ్చేదాకా మీ పేటెంటు ఏజెంటును జవాబు ముసాయిదా రాయనివ్వకండి, ముందే రాసుకుంటే అంకె ఎలా వచ్చినా ముసాయిదాకు తగ్గట్టు మలచాలనిపిస్తుంది. ఆ అంకె మీకు ఎదురు తిరిగితే దరఖాస్తు వదిలేసి, ఇంకా బయటపెట్టని పద్ధతి మెరుగుదలలుంటే వాటిని సంస్థ లోపలే రహస్యంగా ఉంచుకోండి. ఆ మెరుగుదలల వివరాలు దాఖలు చేసేదాకా సదస్సులోనైనా, ఇలాంటి చర్చలోనైనా రాయవద్దు. రేపు అవే డీ1గా మీ ముందుకు వస్తాయి.